నీరటి రాములు వంతు

ఇప్పుడు చిట్యాల దగ్గరి ఆ ఊళ్లో నీళ్లకోసం ఎవరూ ఎవరి మొహమూ చూడరు. మీట నొక్కితే బోరు పోస్తుంది. మంచిదే. అయినా బాలనర్సమ్మకు తన పెనిమిటి రాములు భుజాన పార పెట్టుకుని కాలువ వెంట నడిచిన రోజులంటేనే ప్రాణం. అతను నీరటి. చెరువు తూము ఎత్తి, వంతు ప్రకారం ఒక్కొక్కరి మడికి నీళ్లు వదలడం అతని పని. నీరటి మడి అందరికన్నా చివర పారాలి. నీళ్లు దొంగిలించిన నీరటి పార కింద పెట్టి ఆ పని వదులుకోవాలి. అది ఊరి కట్టుబాటు.

ఒక బుద్ధ పౌర్ణమికి రాములు నాగార్జునసాగర్ పోయి బుద్ధుడి పంచశీలాలు స్వీకరించి వచ్చాడు. ఆ సాయంత్రం నుంచే కల్లు బంద్. ఊరు నవ్వింది, ఇల్లాలూ నవ్వింది.

"శీలమంటే ఆడోళ్లకు చెప్పే ముచ్చట గాదా?"

"అందరికీనే. చంపొద్దు, ఇయ్యంది తీసుకోవద్దు, పరాయి ఆడిదాని దిక్కు చూడొద్దు, అబద్ధమాడొద్దు, తాగొద్దు. ఎవలకో భయపడి గాదు. నాకు నేను పెట్టుకున్న గట్టు."

"చూద్దాం, ఎన్నొద్దులుంటదో."

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన మరుసటి యాసంగి పంటకు, ఎండలు ముదిరేసరికి చెరువు అడుగంటింది. వరి పొట్టకొచ్చింది. ఒక పొద్దు నీళ్ల వంతు లియాఖత్ అలీ అనే రైతు మడిది. రాములు తూము దగ్గర ఉన్నాడు. గడ్డికి పోయిన బాలనర్సమ్మ కాలువ పక్కన నెర్రెలిచ్చిన తమ అర ఎకరాన్ని చూసి ఆగలేకపోయింది. కొడవలితోనే గట్టుకు గండి పెట్టి, మడి తడిశాక మళ్లీ మట్టి వేసింది. ఎవరూ చూడలేదు.

రాములు మాత్రం తడిసిన మడినీ, ఆమె కాళ్ల బురదనూ చూశాడు. పార కడిగి గోడకు ఆనించాడు. రాత్రంతా ఆమెకు ఒకటే ఆలోచన. నలుగురిలో తన పేరు చెబుతాడా? చెప్పకపోతే ఊరు అతన్నే దొంగ అంటుంది కదా?

మర్నాడు పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు రైతులంతా కూడారు. రాములు పార కింద పెట్టాడు.

"లియాఖతన్న నీళ్లు నా మడిల పడ్డయి. నా వంతు అన్నకే ఇస్తున్న. ఎవలు మలిపిండ్రని అడుగకుండ్రి. అడిగితే అబద్ధం ఆడలేను."

ఎవరూ అడగలేదు. ఆ పార అట్లా మట్టిలో పడి ఉండడం బాలనర్సమ్మ చూడలేకపోయింది. ఆడవాళ్ల వెనక నుంచి ముందుకు వచ్చింది.

"నేనే మలిపిన. అప్పుడు ఆయనకు ఎరుక లేదు."

లియాఖత్ అలీ వంగి పార తీసి రాములు చేతికిచ్చాడు. "నీళ్లయితే పారినయి వదినె. వంతు నాకిచ్చిండు గదా, అయిపాయె. తూము మాత్రం రాములే ఎత్తాలె."

ఇంటికి పోతూ ఆమె అడిగింది. "వాళ్లు అడుగుతే నా పేరు చెప్తుంటివా?"

"చెప్తుంటి. చెప్పి నీ పక్కనే నిలబడుతుంటి."

ఆ మాటలో మొదటి సగమే ఆమె చెవికెక్కింది. ఊరి ముందు పెండ్లాన్ని దొంగను చేసేవాడన్న కోపంతో పది రోజులు మొగుడితో మాట్లాడలేదు. రెండో సగం ఆమెకు చాలా ఆలస్యంగా, అతను పోయిన తర్వాత వినపడింది. ఆ పది రోజులు ఊరికే పోగొట్టుకున్నానని ఇప్పటికీ ఏడుస్తుంది.