ఎడమ అద్దంలో మచ్చ

మాంటెవిడియో ఆదివారం సంతలో అన్సెల్మో తాత పాత స్లైడు పెట్టెలు బాగుచేస్తాడు. రెండు కళ్లకూ ఆనించుకుంటే ఫొటోలో మనుషులు లేచి నిలబడ్డట్టు కనిపించే పెట్టెలవి. చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకు టీ తాగే సొరబుర్ర, మెడలో మెత్తటి తోలుగుడ్డ. అద్దంలో మచ్చ ఉందని ఎవరొచ్చినా ముందు పెట్టె ముట్టుకోడు. “తలకిందులు చేసి చూడు నాయనా. మచ్చ రెండో కంటికి మారితే అద్దానిది, మారకపోతే నీది. కళ్ల డాక్టరు ఈ వీధి చివరే,” అని పగలబడి నవ్వుతాడు.

నిడియా అనే అమ్మాయి బాగుకి తెచ్చిన పెట్టెలో ఎడమ అద్దానికి మచ్చుందని మాత్రం తాతే కనిపెట్టాడు. మూడు వారాలు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. “నాకేం కనబడట్లేదు తాతా,” అందామె ఈ ఆదివారం. “ఇంతకీ నువ్వు తిప్పి చూశావా?”

“నాకే పాఠాలా,” అంటూ తిప్పాడు. లోపలి ఫొటోలో సముద్రం పైకెళ్లింది, అలల్లో నవ్వుతున్న నిడియా తల్లి తలకిందులైంది. మచ్చ మాత్రం ఎడమవైపే ఉండిపోయింది. అలవాటుగా తోలుగుడ్డ అందుకున్న చెయ్యి అద్దం దాకా వెళ్లి గాల్లోనే ఆగిపోయింది.

“అద్దం బాగానే ఉందమ్మా,” అన్నాడు. “ఆ కళ్ల డాక్టరు... ఈ వీధికి ఏ చివర?”