కవ్వంతో చిలికిన లామినేషన్

మెడ మీద ఈ ఎర్ర గీత చూసి పొద్దున్నుంచి అందరూ అడుగుతాండారు, "ఏమప్పా సీనూ, ఇంట్లో గొడవా?" అని. గొడవైనా బాగుండు, చెప్పుకోవచ్చు! ఇది చెప్పుకునేది గాదు. అయినా నేను చెప్పకపోతే మా ఆవిడ చెప్తాది. ఇంగో రెండు కలిపి చెప్తాది. అందుకే నేనే చెప్తాండా. టీ చల్లారక ముందే మొత్తం వినేయండి. మొన్న ఆదివారం నా పరువు నేనే చేజేతులా తీసుకున్నా.

మా నాయన కాలం నుంచి ఉన్న బట్టల అంగడి మూసేసి, కర్నూల్లో ఫ్లెక్సు ప్రింటింగు పెట్టి రెండేండ్లయింది గదా. పోయిన ఏడు హైదరాబాదు పోయి సెకండ్ హ్యాండ్‌లో ఒక లిక్విడ్ లామినేషన్ మిషన్ తెచ్చినా. అంటే ఏం లేదు, ప్రింటు కొట్టిన వినైలు షీటును రెండు రోలర్ల మధ్యలో పంపిస్తాము. కింద ట్రేలో పాల మాదిరి లిక్విడ్ ఉంటాది. అది షీటుకు పల్చగా పట్టుకుంటాది, ముందుకు పోతే హీటర్ల కింద ఆరిపోతాది. అట్ల చేస్తే మన కర్నూలు ఎండకు కూడా బోర్డు రంగు పోదు. అద్దం మాదిరి మెరుస్తాంటాది.

దాన్ని నడిపేది ఖాజా భాయ్. నాకంటే పదేండ్లు పెద్ద. ముందు చేత్తో బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సులు వచ్చినాక ఆ పని పడిపోయింది, నా దగ్గర చేరినాడు. మనిషి శానా నెమ్మది. మిషన్ కాడ మాత్రం అత్తగారే! లిక్విడ్‌ను గుడ్డలో వడగట్టాల. చెక్కతో నిదానంగా తిప్పాల, నురగ రాకూడదు. దగ్గరికొచ్చే ముందు ఉంగరాలు, వాచీ తీసేయాల, భుజం మీద టవలు ఉండకూడదు. తుడిచేటప్పుడు ప్లగ్గు పీకాల. పనైన వెంటనే ట్రే, రోలర్లు గోరువెచ్చని నీళ్లతో కడగాల, లేకపోతే లిక్విడ్ బంక మాదిరి పట్టుకుంటాది. పక్కనుండే ఎర్ర బటన్‌కు ఏదీ అడ్డం పెట్టకూడదు. నాకు విసుగొచ్చి ఒకసారి అడిగినా, "ఇది మిషనా భాయ్, బాలింతా?" అని.

"బాలింతైతే ఓర్చుకుంటాది సేట్. ఇది ఓర్చుకోదు" అన్నాడు.

ఇంతలో ఒక ఆర్డరు వచ్చింది. కోడుమూరు హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పిన రామచంద్రయ్య సారుకు ఎనభై ఏండ్లు నిండినాయి. పాత స్టూడెంట్లమంతా కలిసి సన్మానం పెట్టుకున్నాము. ముందరుండి నడిపించేది మద్దిలేటి రెడ్డి, నా క్లాస్‌మేటు, ఇప్పుడు రోడ్ల కాంట్రాక్టరు. సారు ఫోటో ఎనిమిదడుగుల ఎత్తు చేసి బడి గేటు కాడ నిలబెట్టాల. బోర్డు బాధ్యత నాది. నాకెంత సంబరమంటే, ఎన్నేండ్లు సారు చేత తన్నులు తిన్నా గానీ, ఒక్కరోజు కూడా 'శభాష్' అనిపించుకోలేదు. ఇప్పుడు అనిపించుకోవాల, అంతే!

శనివారం సాయంత్రం ఖాజా భాయ్ ఆత్మకూరు పోవాల, వాళ్లత్తకు కంటి ఆపరేషన్. పోతా పోతా చెప్పినాడు. "ప్రింటు రెడీగా ఉండాది సేట్, బాగా ఆరింది. రేపు పదకొండుకల్లా వచ్చి లామినేషన్ నేనే కొడతా. ఫంక్షన్ నాలుగింటికి గదా, టైముండాది. మీరు ముట్టుకోవద్దు."

ముట్టుకోవద్దంట! నా అంగట్లో, నా మిషన్‌ను, నన్నే! ఆ మాట రాత్రంతా చెవుల్లో మోగింది.

ఆదివారం పొద్దున ఎనిమిదికే స్నానం చేసి, కొత్త పంచె కట్టి, పట్టు కండువా మెళ్లో వేసుకొని అంగట్లోకి పోయినా. మా ఇల్లు అంగడి వెనకాలే గదా. ఖాజా భాయ్ వచ్చే లోపల బోర్డు తయారు చేసి ఆయన ముందర నిలబెట్టాల. అదీ నా ప్లాను.

లిక్విడ్ డబ్బా మూత తీసినా. అడుగున గట్టిగా ఉండాది. చెక్క యాడ పెట్టినాడో కనపడలేదు. వంటింట్లోకి పోయి మా సుజాత చూడకుండా మజ్జిగ కవ్వం తెచ్చినా. ఐదు నిమిషాలు తాడు లేకుండానే బరబరా చిలికినా. తెల్లగా నురగ పైకి లేసింది. అబ్బా, ఎంత బాగా కలిసిందో అనుకున్నా! వడగట్టేదానికి గుడ్డ యాడ వెతకాల? అట్లనే ట్రేలోకి పోసినా. స్విచ్చేసినా.

షీటు మెల్లగా లోపలికి పోయింది. అవతలి పక్క మెల్లగా బయటికొచ్చింది. ముందు సారు జుట్టు వచ్చింది, బానే ఉండాది. తర్వాత నొసలు వచ్చింది. నొసటి నిండా బుడగలు! హీటరు కింద ఒక్కొక్కటీ చిట్లి గుంట పడతాండాది. ముక్కు, బుగ్గలు, గడ్డం, యాడ చూసినా గుంటలే. అమ్మవారు పోసి తగ్గినట్ల ఉండాది మొగం. పైగా వడగట్టలేదు గదా, ఎండిన గడ్డ ఒకటి కందిగింజంత, సరిగ్గా ముక్కు కొన మీద కూర్చుంది, పులిపిరి మాదిరి!

పై రోలరు చూస్తే దాని మీద కూడా నురగ అతుక్కోని తిరుగుతాండాది. అది తుడిచేస్తే సరిపోతాదేమో అనుకున్నా. మిషన్ ఆపాల అన్న బుద్ధి పుట్టలేదు. తిరిగే రోలరు మీదికి వంగి గుడ్డతో తుడిచినా. గుడ్డకేం కాలేదు. కండువా కొన మాత్రం రెండు రోలర్ల మధ్యకు పోయింది.

వేగంగా లాగి ఉంటే ఈ కథ చెప్పేదానికి నేనుండను. అది మెల్లగా లాగింది. ఎంత మెల్లగా అంటే, వెంకటేశ్వరస్వామికి తల వెంట్రుకలు మొక్కుకున్నా, అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నా, ఇంగా టైము మిగిలింది! రెండు చేతులతో వెనక్కి గుంజుతాండా. అది ముందరికి గుంజుతాండాది. తల వంగిపోతాండాది. ఎర్ర బటన్ ఉండేది పక్కనే, చెయ్యి చాపితే అందాల. కానీ శుక్రవారం లారీలో వచ్చిన ఫ్లెక్సు రోల్స్ అన్నీ దానికి అడ్డంగా పేర్పించింది ఎవరనుకున్నారు? నేనే!

అప్పుడే కవ్వం వెతుక్కుంటా సుజాత వచ్చింది. గడపలో నిలబడి చూసింది.

"ఏమండీ, మిషన్‌కు దండం పెడతాండారా? టెంకాయ తెచ్చేదా?"

"దండం గాదే! బటన్! ఎర్ర బటన్!"

"యాడుండాది?"

"రోల్స్ వెనకాల!"

ఆమె రోల్స్ జోలికి పోలేదు. సీదా గోడ కాడికి పోయి ప్లగ్గు పీకేసింది. నా గడ్డానికీ రోలరుకూ నాలుగు వేళ్లు సందు ఉండాది. కత్తెర తెచ్చి కండువా కోసి నన్ను విడిపించింది. నన్ను పట్టుకొని ఏడ్చింది కూడా. ఆ ఏడుపులోనే ఆమె చూపు డబ్బా మీద పడింది.

"అది మా యమ్మ ఇచ్చిన కవ్వం గదా!"

ఏడుపు అక్కడికి ఆగిపోయింది. తర్వాత ఏమన్నదో చెప్పను.

కుర్చీలో కూలబడినా. రోలర్లు కడగాలనే జ్ఞాపకమే రాలేదు. రెండు గంటల్లో లిక్విడ్ అంతా బంక మాదిరి ఎండిపోయింది. కండువా ముక్క రోలర్ల మధ్యలో రేకు మాదిరి బిగుసుకుంది. అప్పుడొచ్చినాడు మద్దిలేటి రెడ్డి, బోర్డు ఎట్ల వచ్చిందో చూసేదానికి. చూసినాడు. నోరు తెరిచినాడు.

"ఏందప్పా సీనూ ఇది? సారుకు ఈ వయసులో అమ్మవారు పోయించినావే!"

ఇప్పుడు చెప్పేది నిజంగా సిగ్గుపడాల్సిన సంగతి. మీ మొగాలు చూడకుండా చెప్తా. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

"ఏం చేసేది రెడ్డీ, మా ఆపరేటరు ఖాజా చూసుకోకుండా చేసినాడు."

రెడ్డి నా వెనక్కి చూస్తాండాడు. తిరిగి చూసినా. ఖాజా భాయ్! చేతిలో టిఫిన్ క్యారియర్, తల నిండా బస్సు దుమ్ము, గడపలో నిలబడుండాడు. మొత్తం విన్నాడు. బోర్డు చూసినాడు. రోలర్ల మధ్య పట్టు కండువా చూసినాడు, డబ్బాలో కవ్వం చూసినాడు, నా మెడ చూసినాడు. ఆయనకు అర్థం గానిదేముంది?

"అవును సార్, తప్పు నాదే. రెండున్నరకు వచ్చి బోర్డు తీసుకపోండి" అన్నాడు రెడ్డితో.

రెడ్డి పోయినాడు. భూమి చీలి నన్ను మింగితే బాగుండు అనిపించింది. "భాయ్..." అన్నా.

"నీళ్లు కాయించుకోని రండి సేట్. గోరువెచ్చగా" అన్నాడు. అంతే.

నీళ్లు తెచ్చినా, కత్తి కూడా తెచ్చినా, గీకుదామని. "కత్తి వద్దు. గీత పడితే రోలరు ఇంగ పనికిరాదు" అని, ప్లగ్గు పీకి ఉందో లేదో మళ్లీ చూసుకొని, చేతులకు గ్లవుజులు వేసుకొని, మెత్తటి గుడ్డ తడిపి అద్దుతా అద్దుతా రెండు గంటలు కూర్చున్నాడు. నేను నీళ్లు మోస్తాండా. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"భాయ్, మళ్లీ ప్రింటు కొడితే ఆరేదానికే ఒక దినం పడతాది గదా! ఎట్ల?"

ఆయన టేబుల్ కిందికి వంగి చుట్టి పెట్టిన షీటు ఒకటి బయటికి తీసినాడు. సారు ఫోటోనే. ఆరిపోయిన ప్రింటు.

"ఇంగోటి కూడా తీసి ఆరబెట్టినా, ముందే."

"ఎందుకు?"

కొంచెం నసిగినాడు. "మీరు ఒక్కరే ఉంటారు గదా సేట్."

నాలుగింటికి కోడుమూరులో బోర్డు ధగధగా మెరుస్తా నిలబడింది. ముక్కు మీద పులిపిరి లేదు. సారు చేతికర్ర పట్టుకొని దాని ముందర నిలబడి శానాసేపు చూసుకున్నాడు. రెడ్డి మైకు తీసుకున్నాడు. "ఈ బోర్డు పొద్దున ఆపరేటరు ఖాజా చెడగొట్టినా, మళ్లీ ఆయనే కష్టపడి చేసిచ్చినాడు, పెద్ద మనసుతో క్షమిద్దాం" అన్నాడు. జనం చివర ఖాజా భాయ్ తల దించుకొని నవ్వుతాండాడు. ఆడవాళ్ల వరసలో సుజాత నన్నే చూస్తాండాది. ఆ చూపు ఎట్లాంటిదో పెండ్లయిన వాళ్లకు తెలుసు.

పోయి మైకు అందుకున్నా. "చెడగొట్టింది ఖాజా గాదు. ఆయన ఊర్లోనే లేడు. నేను చెడగొట్టి, ఆయన మీద పెట్టినా" అని చెప్పేసినా.

సారు లేచినాడు. నా భుజం మీద చెయ్యి వేసినాడు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి నాకు. ఇప్పుడంటాడు 'శభాష్' అనుకున్నా. మైకు లాక్కున్నాడు.

"ఈ సీనుగాడు ఎనిమిదో తరగతి పరీక్షలో లెక్క మొత్తం తప్పు చేసినాడు. అడిగితే, 'నాది గాదు సార్, పక్కన మద్దిలేటి పేపరు చూసి రాసినా, తప్పు వానిదే' అన్నాడు" అని ఆగినాడు. "ఆ పొద్దు మద్దిలేటి బడికే రాలేదు."

జనమంతా పడి పడి నవ్వినారు. రెడ్డి కుర్చీలోంచి కిందికి జారినాడు. తర్వాత చప్పట్లు మొదలైనాయి, ఆగకుండా. ఏం చెయ్యాలో తెలీక నేనూ కొట్టినా.