తల ఊపినందుకు

ఇది ఎప్పుడో రాయాల్సింది. కానీ నాకు అక్షరాలు వచ్చి ఏడాదే అయింది.

మా ఆయన గనిలో ఉద్యోగం చేస్తూనే జబ్బుపడి చనిపోయారు. ఆ ఉద్యోగం ఇంట్లో ఎవరికివ్వాలో అడగడానికి నన్ను గోదావరిఖని ఆఫీసుకు పిలిచారు. మా ఇంట్లోనే ఉండే మరిది తోడొచ్చాడు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపడం మాకు మర్యాద. వింటున్నామని దాని అర్థం. రోజుల తరబడి నిద్ర లేదు. ఆఫీసు సారు ఏమంటున్నారో సగం చెవికెక్కకపోయినా ఊపుతూనే ఉన్నాను.

బయటికి రాగానే మరిది, "నౌకరి నాకియ్యమన్నవు, సంతోషం వదినె" అన్నాడు.

"నేనెప్పుడన్న?"

"సారు అడిగితే తల ఊపితివి గద. రాసుకున్నరు."

నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. మర్యాదకు ఊపిన తల ఒప్పుకోలుగా చెల్లుతుందని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్లాను. కొంగు నడుముకు చెక్కి, సారు ముఖంలోకి చూశాను.

"నిన్న తల ఊపింది వింటున్న అని సారు, ఒప్పుకున్న అని కాదు. నౌకరి నేనే చేస్త."

ఆయన మరిది పేరు కొట్టేసి నా పేరు రాసేదాకా తల కదపకుండా నిలబడ్డాను.