అలాస్కా సముద్రంలో ఘాట్ రోడ్డు నియమాలు

అలాస్కాలోని సీవార్డ్ రేవు ముందరి అఖాతం మంచు కొండల మధ్య చెరువులా నిశ్చలంగా ఉంటుంది. దాని చివరి కొండ మొన దాటగానే పసిఫిక్ మహాసముద్రపు పొడవాటి అలలు పడవ కిందికి వస్తాయి. తిమింగలాలు ఎక్కువగా కనిపించేది ఆ మొనకు అవతలే. ఈ సంగతి పిన్నికి బయలుదేరే ముందే చెప్పాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయింది. ఏటా నల్లబల్ల మీద తిమింగలాన్ని గీసేది. చేప తోక నిలువుగానూ తిమింగలం తోక అడ్డంగానూ ఉంటాయని ఎన్ని తరగతులకు చెప్పిందో లెక్కలేదు. కానీ ఆ జీవిని ఎన్నడూ చూడలేదు. ఆ వేసవిలో శాంటా క్లారాలోని మా ఇంటికి వచ్చినప్పుడు అడిగింది అదొక్కటే.

"నాకు నయాగరా వద్దు, గుళ్ళూ వద్దు. ఒక్క తిమింగలాన్ని చూపించవే, చాలు. మళ్ళీ ఇంత దూరం నేను రాలేను."

అందుకే అలాస్కాకు టికెట్లు కొన్నాను. చిక్కల్లా ఆమెకు ఊగే ప్రయాణాలు పడకపోవడమే. విద్యార్థులను అరకు విహారయాత్రకు తీసుకెళ్ళే రోజుల్లో ఘాట్ రోడ్డు కోసం ఆమె కొన్ని నియమాలు పెట్టుకుంది: కడుపు ఖాళీగా ఉండాలి, కళ్ళు గట్టిగా మూసుకోవాలి, ముక్కు దగ్గర నిమ్మకాయ ఉండాలి. రేవులో పడవ ఎక్కబోయే ముందు నేను మాత్ర, బ్రెడ్డు ఇస్తే రెండూ తోసిపుచ్చింది.

"మాత్ర వేసుకుంటే నిద్రొస్తుంది. ఇంత దూరం నిద్రపోవడానికొచ్చానా? ఘాట్ రోడ్డు ఎక్కేముందు ఎవరైనా తింటారటే?"

"ఇది ఘాట్ రోడ్డు కాదు పిన్నీ."

"ఊగేదేదైనా ఒకటేలే."

అప్పటికి ఆరో తరగతిలో ఉన్న మా అమ్మాయి పిన్ని చేతిలోని నిమ్మకాయను పరీక్షగా చూసింది. "అమ్మమ్మా, ఇది స్మెల్ చేస్తే వామిట్ రాదా? రియల్లీ?"

"మీ అమ్మనడుగు. ఇంజనీరు కదా, ఏదో ఒకటి కనిపెట్టి చెప్తుంది."

నా ఉద్యోగం ఫోన్లలో కదలికను కొలిచే సెన్సర్లతో. రెండు సెన్సర్లు రెండు రకాలుగా చెబితే దేన్ని ఎంత నమ్మాలో తేల్చడమే పని. పడవలో కడుపు తిప్పడమూ అలాంటి తగాదానే: లోపలి చెవి ఊగుతున్నామంటుంది, దగ్గరి వస్తువులను చూస్తున్న కన్ను లేదంటుంది. కదలని గీత ఒకటి కంటికి చూపిస్తే తగాదా చాలావరకు సద్దుమణుగుతుంది. ఇదంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, కళ్ళు మూసుకుని డెక్ మీద బెంచీకి అతుక్కుపోయింది.

మొన దాటాక పిన్ని ముఖం పాలిపోయింది. అంతలో ఎడమవైపు హంప్‌బ్యాక్ జాతి తిమింగలం ఉందని కెప్టెన్ మైకులో చెప్పాడు. జనమంతా అటు పరుగెత్తారు.

"అమ్మమ్మా, కళ్ళు ఓపెన్ చెయ్! టెయిల్ వస్తుంది!"

"తెరిస్తే కక్కేస్తానే తల్లీ."

తోక లేచి, నీళ్ళలోకి జారిపోయింది. జనం కేరింతలు ఆగాక పిన్ని అడిగింది.

"పోయిందా?"

"పోయింది."

"తోక అడ్డంగానే ఉందా?"

"యా, సైడ్‌వేస్ ఉంది."

"సరేలే," అంది. మరొకరు చూసి చెప్పిన జవాబుతో సరిపెట్టుకోవలసి వచ్చినప్పటి గొంతు అది. ఇంకాసేపు ఆగి, కనిపించకపోతే వెనక్కి తిరుగుతామని కెప్టెన్ ప్రకటించాడు. నేను ఆమె భుజాలు పట్టుకున్నాను.

"కళ్ళు తెరువు పిన్నీ. పడవను చూడకు, అలల్ని చూడకు. ఆకాశం, సముద్రం కలిసేచోట గీత ఉంది, దాన్నే చూడు."

"కక్కితే?"

"కక్కు. సంచి నేను పట్టుకుంటా."

తెరిచింది. వెంటనే కక్కింది కూడా. సంచి పక్కన పెట్టి నోరు తుడిచాను. మా అమ్మాయి ఉప్పు బిస్కెట్లు ఒక్కొక్కటే నోటికందిస్తుంటే, చూపు ఆ గీత మీంచి తిప్పకుండా నమిలింది. మెల్లగా ముఖానికి రంగొచ్చింది. తనంతట తాను లేచి రెయిలింగ్ పట్టుకుంది.

తిమింగలం ఈసారి మా వైపే, చాలా దగ్గరగా తేలింది. కెప్టెన్ ఇంజన్ కట్టేశాడు. బస్సు బ్రేకు గాలి వదిలినట్టు పెద్ద చప్పుడైంది. ఊపిరి తెల్లటి ఆవిరిగా లేచి, గాలికి మా మీదికి కొట్టుకొచ్చింది. ఎండుచేపల సంతను మూటగట్టి ముక్కు కింద విప్పినట్టుంది ఆ వాసన. డెక్ మీద అందరూ ముక్కులు మూసుకున్నారు. అప్పుడే కక్కిన మనిషి మాత్రం గుండెల నిండా పీల్చింది.

"ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, ఇంత కంపు కొడుతుందని ఒక్క పుస్తకంలోనూ లేదే!" అని పకపకా నవ్వింది.

తడిసిన ఆమె కళ్ళజోడు తుడవబోతే నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా చెయ్యి తోసేసింది. పడవ వెనక్కి తిరిగింది. చలికి అందరూ లోపలికి వెళ్ళారు. పిన్ని రెయిలింగ్ వదిలి రాలేదు. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆ రోజు తను తీసిన ఫొటోలను ఇంటికొచ్చినప్పుడల్లా ఇద్దరం తిరగేస్తుంటాం. పడవ వెనక్కి తిరిగినప్పటి నుంచి రేవు చేరేదాకా తీసిన వాటన్నిటిలోనూ పిన్ని వీపే ఉంది.