నీళ్ల డెల్మర్ వేసిన ఓటు

మా పడమటి టెక్సాస్‌లో ఏడేళ్ల కరువుకు ఊరంతా ఏడిస్తే, డెల్మర్ స్ట్రౌడ్ ఒక్కడే ట్యాంకు లారీ కొని నీళ్లమ్మాడు. పొద్దున్నే నోటుబుక్కులో ఇళ్ల పేర్లు రాసుకునేవాడు. ఒక్కో ఇంటి తొట్టి నింపగానే ఆ పేరు అడ్డంగా కొట్టేసేవాడు. కొట్టేశాడంటే పని అయిపోయిందన్నమాట. అట్టడుగున భార్య లియోటా పేరుండేది. అక్కడికొచ్చేసరికి ట్యాంకు ఖాళీ. దీపం కిందే చీకటి. అంట్లు తోమిన నీళ్లే ఆవిడ టమాటా మొక్కలకు పోసుకునేది.

ఇంతలో జలాశయాలకూ గొట్టాలకూ రాష్ట్రం బాండ్లమ్మి అప్పు తేవచ్చా అని ప్రజల్ని ఓటడిగారు. డెల్మర్ గుండెల్లో రాయి పడింది. గొట్టమొస్తే లారీ ఎవడికి కావాలి? ఓపల్ హోటల్లో కూర్చుని వచ్చినవాళ్లందరినీ ఊదరగొట్టాడు.

"ఈ అప్పు మన మనవలు కూడా తీర్చలేరు. వ్యతిరేకంగా వెయ్యండి, చెబుతున్నా."

"నీ బెంగ మనవల మీదా, లారీ మీదా?" అంది ఓపల్ కాఫీ పోస్తూ.

బడిలో ఓట్ల బల్ల దగ్గర కూర్చున్నది నేనే. మా ఓటు కాగితం మీద 'అనుకూలం', 'వ్యతిరేకం' అని రెండు వరుసలుంటాయి. ఇష్టం లేనిదాన్ని కొట్టెయ్యాలి, మిగిలిందే ఓటు. డెల్మర్ లోపలికెళ్లి పెన్సిలు విరిగేలా గీసి, టోపీ వెనక్కి నెట్టుకుంటూ బయటికొచ్చాడు.

రాష్ట్రమంతటా బాండ్లు ఎలాగూ గెలిచాయి. మా ఊళ్లో మాత్రం అనుకూలానికి నలభై ఒకటి, వ్యతిరేకానికి నలభై.

"ఎవడో వెధవ ముంచాడు," అన్నాడు డెల్మర్ మర్నాడు హోటల్లో. "నేనైతే 'వ్యతిరేకం' మీద కాగితం చిరిగేలా గీశాను."

ఓపల్ కాఫీ కూజా బల్ల మీద పెట్టింది.

"కొట్టేసింది పోతుందయ్యా డెల్మర్. అది నీ నోటుబుక్కు కాదు."

నాకు నవ్వాగలేదు. జాలీ వేసింది, అబద్ధమెందుకు. డెల్మర్ సగం తిన్న ఆపిల్ పై ముక్క వదిలేసి ఇంటికెళ్లి లియోటాకు చెప్పుకున్నాడు.

"ముప్ఫయ్యేళ్ల కాపురంలో నువ్వు చేసిన మంచిపని ఇదొక్కటే. అదీ పొరపాటున," అందట ఆవిడ.

గొట్టం రావడానికి ఆరేళ్లు పట్టింది. అన్నాళ్లూ డెల్మర్ నీళ్లు తోలుతూనే ఉన్నాడు, బాండ్లను తిడుతూనే ఉన్నాడు. వాళ్లింట్లో కొళాయి పెట్టిన రోజు మేమంతా చూడ్డానికి వెళ్లాం. ఒక గ్లాసు తాగి, "చప్పగా ఉన్నాయి," అన్నాడు. లియోటా మాత్రం అంట్ల గిన్నె నిండా పట్టి, పారబోసి, మళ్లీ పట్టింది. డెల్మర్ కాసేపు ఆవిడ వంకే చూశాడు. తర్వాత లారీ తాళం మేకుకు తగిలించి, నోటుబుక్కు తీసి, అట్టడుగు పేరు కొట్టేశాడు.