బయటికి పొమ్మంటే ఇంటికెళ్లిన అమ్మాయి

గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్లు లెక్కలు చెప్పాను. నేను గుమ్మంలోకి రాగానే యాభై మంది పిల్లలు నోళ్లు మూసుకునేవారు. ఆ ధీమాతోనే, మాల్దీవుల్లో ఉద్యోగం వస్తే రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లాను. మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఎయిర్‌పోర్టులో ఆయనకి ధైర్యం చెప్పింది నేనే.

ఆ దీవి ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే ఇరవై నిమిషాలు. ఏడో తరగతిలో పద్దెనిమిది మందే. మొదటి రోజు నేను బోర్డు వైపు తిరిగేసరికి ముగ్గురు కిటికీ ఎక్కి కూర్చున్నారు. ఒకణ్ణి నిలబడమన్నాను. వాడికి తోడుగా పక్కవాడు, ఆ వెనక క్లాసంతా నవ్వుతూ నిలబడింది. నేను కళ్లెర్రజేస్తే ఒక పిల్ల దగ్గరకొచ్చి, కళ్లలో ఇసుక పడిందా మిస్ అని అడిగింది.

మూడో వారంలో ఆ పిల్లే మాటలు ఆపకపోతే ‘గెటౌట్’ అన్నాను. మా ఊళ్లో ఆ మాటంటే తలుపు పక్కన తలొంచుకుని నిలబడతారు. ఈ పిల్ల పుస్తకాలు సర్దుకుని, ‘థాంక్యూ మిస్’ అని గేటు దాటి వెళ్లిపోయింది. నేను వెతకడానికి బయల్దేరుతుంటే తల్లిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. తల్లి చేతిలో మూతపెట్టిన పళ్లెం. ఆవిడ మాటల్ని పిల్లే ఇంగ్లీషులో చెప్పింది: “మిస్‌కి ఇంత కోపం వచ్చిందంటే పొద్దున ఏమీ తిని ఉండదని అమ్మ అంటోంది.”

నిజంగానే నేనేమీ తినలేదు. రొట్టె, కొబ్బరికోరులో కలిపిన చేప. పిల్లల ముందే తిన్నాను. నేను తిన్నంతసేపూ క్లాసులో ఒక్కరూ మాట్లాడలేదు.

సాయంత్రం ఫోన్లో చెబితే మా ఆయన ఒకటే నవ్వు.

“నవ్వకండి. రేపు రమ్మని ప్రిన్సిపాల్ పిలిసేరు. ఏటి సెయ్యాలో సెప్పండి.”

“కొత్త ఓడొస్తే దాని తీరు మాకేటి తెలుస్తాది? అందులో పన్జేసేవోళ్లనే అడుగుతాం. నువ్వు ఆ పిల్లల్నడిగేవేటి?”

“ఏటని అడగమంటారు?”

“ఎలా సెప్తే ఇంటారో అడుగు. సిగ్గేటి అందులో.”

మర్నాడు ప్రిన్సిపాల్ మెత్తగానే చెప్పారు: ఇక్కడ అందరూ బంధువులే, ఒక పిల్లని నలుగురిలో కేకలేస్తే ఊరందరినీ కేకలేసినట్టే. క్లాసుకెళ్లి సిగ్గు విడిచి అడిగాను. పిల్లలు కాసేపు గుసగుసలాడుకున్నాక ఆ పిల్ల లేచి, దూరం నుంచి అరవొద్దు, దగ్గరకొచ్చి మెల్లగా చెప్పండి అంది. ఇంకొకడు, నలభై నిమిషాలు కదలకుండా కూర్చోవడం కష్టం అన్నాడు. సరే, నేను బోర్డు దగ్గరున్నంతసేపూ మీరు మాట్లాడకూడదు, అలా ఉంటే చివరి పది నిమిషాలు సముద్రం ఒడ్డునే లెక్కలు అన్నాను.

నీడ కొలిచి కొబ్బరిచెట్టు ఎత్తు లెక్కగట్టడం ఆ ఇసుకలోనే నేర్పాను. అలాగని వాళ్లు బుద్ధిమంతులైపోలేదు. ‘నెమ్మది’ అనే మాట వాళ్ల భాషలో నేర్చుకుని అంటుంటే, నా ఉచ్చారణకి నవ్వి నవ్వి అలిసిపోయి ఊరుకునేవారు.

రెండేళ్లయ్యాక తిరిగొచ్చి మళ్లీ పాత స్కూల్లోనే చేరాను. ఇప్పుడు ఎవరైనా మాటలు ఎక్కువ చేస్తే వాళ్ల బెంచీ మీదే వెళ్లి కూర్చుంటాను. మొన్న సూపర్వైజరుగారు గుమ్మంలో ఆగారు.

“మీ క్లాసులో గోల పెరిగింది మేడం.”

“అవునండీ. జవాబు ఎవరిది రైటో తేల్సుకుంటన్నారు,” అన్నాను.