నడుముకు కట్టిన తాళంచెవి

పదేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. బడికి పోయినదాన్ని కాను. మా నాయన బైబిలు ముందు పెట్టి నేర్పిన అక్షరాలివి. అందుకు దేవునికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పుకున్నానో. వాటితో ఇలాంటిది రాయాల్సి వస్తుందనుకోలేదు.

మాది తోటపల్లి గూడూరు అవతల, ఉప్పు మళ్ల పక్క ఊరు. నా భర్త ఆ మళ్లల్లో మేస్త్రీ. నయాపైసలు వచ్చిన కొత్తల్లో మా అమ్మాయికి ఏడేళ్లు. ఒక్కచోట నిలిచేది కాదు. పాఠం మధ్యలో లేచి పరుగెత్తేది, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేది, బడి గోడ ఎక్కి కూర్చునేది. నా చిన్నప్పుడు నేనూ ఇంతే, వదిలెయ్యి అన్నాడు మా ఆయన. నేను వదల్లేదు. ఒకనాడు పంతులమ్మ నన్ను పిలిపించి, ఈ పిల్లకు మతి సరిగా లేదు, మద్రాసు పిచ్చాసుపత్రిలో చూపించేదాకా పంపొద్దు అని చెప్పేసింది. పిచ్చి అన్న పేరు ఒకసారి పడితే పోతుందా?

మద్రాసు కాదు, నెల్లూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాను. కూర్చున్నామో లేదో, అది బల్ల కింద దూరి ఆయన బూట్ల లేసులు విప్పింది.

"ఇది పిల్లా, ఉడతా?" అని నవ్వినాడాయన. "ఫిట్సు ఏమన్నా వస్తాయామ్మా?"

రావు. ఎన్నడూ రాలేదు. మా పక్కింటాయనకు వచ్చేవి, చూసినాను. చేతిలో ఇనుప తాళంచెవి పెడితే తేరుకునేవాడు. ఆయన్ను పిచ్చోడని ఎవరూ అనలేదు, అయ్యో పాపం అన్నారు. పిచ్చికన్నా మూర్ఛ మేలు కదా అని తోచింది నాకు.

"వస్తాయి సార్. నెలకు రెండు తూర్లు."

బల్ల కింద నుంచి నా బిడ్డ తల బయటపెట్టింది. "నాకా? ఎప్పుడొచ్చినాయిమా?"

"వచ్చినప్పుడు నీకు తెలివుండదులే."

ఆ ఒక్క మాటతో దాని నోరు మూసేసినాను. తన ఒంటి సంగతి తనకే తెలియదని నమ్మించినాను. తల్లి చెబితే ఏ బిడ్డ నమ్మదు?

డాక్టరు చీటీ మీద మూర్ఛ అని రాసి మాత్రలిచ్చినాడు. రెండేళ్లు మింగింది. బడిలో పలక మీద తల పెట్టుకుని నిద్రపోయేది. పంతులమ్మకు సంతోషం. ఆదివారం ఆరాధనలో నేను లేచి నిలబడి, నా బిడ్డకు నెమ్మదినిచ్చినావు తండ్రీ అని సాక్ష్యం చెప్పినాను. అందరూ స్తోత్రం అన్నారు. అబద్ధానికి స్తోత్రం పలికించిన నోరు ఇది. అబద్ధం బయటపడుతుందేమోనని ఆ రోజు నన్ను పట్టుకున్న భయం మాత్రలు మానిపించినా వదల్లేదు. ఎవరికీ అనుమానం రాకూడదని దాని నడుముకు ఒక తాళంచెవి కట్టినాను. ఏ తాళానిదో కూడా తెలియదు.

ఇప్పుడు దానికి పదిహేడు. పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండదు. బావిలో చేద వెయ్యదు. సముద్రం పక్కనే పెరిగి అలల్లో కాలు పెట్టదు. కాస్త తల తిరిగితే తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటుంది. గోడలెక్కిన పిల్ల.

నిన్న నా బిడ్డ పంతులమ్మల ట్రైనింగుకు దరఖాస్తు నింపుతూ, జబ్బులేమైనా ఉన్నాయా అన్నచోట ఆగి నా ముఖం చూసింది. అబద్ధం రాయకూడదని దానికి నేర్పింది నేనే. నేను ముఖం తిప్పుకున్నాను. అది తల వంచుకుని, మూర్ఛ అని రాసింది.

ఆ కాగితం నా బైబిల్లో ఉంది. రేపు పోస్టులో వెయ్యాలి. మూర్ఛ అని చదివితే ట్రైనింగువాళ్లు పిలుస్తారా? నిజం చెబితే ఈ జన్మలో అది నన్ను అమ్మా అంటుందా? దేవుడు క్షమిస్తాడేమో, దాన్ని క్షమించమని అడిగే ముఖం మాత్రం నాకు లేదు. రేపు దాని ఎదుట చెప్పగలనో లేదో. ముందు ఈ చెయ్యి రాయగలదేమో చూస్తున్నాను.

నా బిడ్డకు మూర్ఛ ఎన్నడూ రాలేదు.

రాసినాను. కొంచెం ఊపిరి ఆడుతున్నది.